సభ వాయిదా పడిన పుట్టినరోజు

మా పక్కింటావిడను నేను ఆతే అని పిలుస్తాను. వాళ్ళది మనీలా వైపు దేశం, వాళ్ళ భాషలో అక్క అని అర్థం. మేము అరోరాలో ఈ టౌన్‌హోమ్‌లోకి వచ్చిన ఏడాదే మావారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన్ని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే, అప్పటిదాకా దూరం నుంచి చెయ్యి ఊపడమే తప్ప మాట్లాడి ఎరగని ఆవిడ, మూత పెట్టిన గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. "మీరు మాంసం తినరని విన్నాను. ఇందులో బియ్యం, అల్లం, ఉప్పు తప్ప ఏమీ లేవు" అంది. లోపలికి వచ్చి, అడగకుండానే చేతులు కడుక్కుని, మావారి చొక్కా బొత్తాలు తనే విప్పి కుట్లు చూసింది. ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషని నాకు అప్పుడే తెలిసింది. ఆయన లేచి వీధి చివరిదాకా నడిచేవరకూ ఆవిడ రాని రోజు లేదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నేను తలుచుకునేవాళ్ళలో ఆవిడ అప్పటినుంచీ ఉంది.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆవిడది ఆస్పత్రి ఇంగ్లీషు, నాది మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన పుస్తకాల ఇంగ్లీషు. రెండూ కలవని చోట చేతులతో నడిపించుకుంటాం. ఇక్కడ మాత్రం ఆవిడ మాటలు నా చెవికి ఎలా వినిపించాయో అలా తెలుగులోనే రాస్తున్నాను.

తన ఊరి గురించి ఆవిడ చెప్పడం చాలా కాలం తర్వాత మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను జంతికలకి బియ్యప్పిండి జల్లిస్తుంటే వచ్చి కూర్చుంది. మాటల్లో "మీ ఊరు ఎలా ఉంటుంది ఆతే?" అని అడిగాను. ఆవిడ ఒక చారెడు పిండి తీసుకుని మా వంటింటి నల్ల గట్టు మీద పోసింది.

"ఈ గట్టు అంచు సముద్రం అనుకో. ఇదీ మా మునిసిపాలిటీ."

మునిసిపాలిటీ అనగానే నేను పట్నం అనుకున్నాను. కుళాయిలు, మురుగుకాలువలు, ఇంటిపన్ను. వాళ్ళ మునిసిపాలిటీలో సగం పైన అడవేనట. మన లెక్కలో మండలం లాంటిదన్నమాట, కాకపోతే మండలమంతటికీ కలిపి జనం ఎన్నుకున్న మేయరు, వైస్ మేయరు, ఒక సభ ఉంటాయి. ఆతే వేలితో పిండిలో ఒక సన్నటి పట్టీ గీసింది. అది తీరం. అక్కడే ఊరి నడిబొడ్డు: మునిసిపల్ హాలు, చర్చి, బజారు, నాలుగు వైపులా చెట్లున్న ఒక మైదానం. అక్కడినుంచి పిండిలో మెలికలు తిరుగుతూ ఒక గీత పైకి లాగింది. అది నది. నది పొడవునా చిటికెడు చిటికెడు పిండి కుప్పలు పెట్టుకుంటూ పోయింది. ఒక్కో కుప్ప ఒక ఊరు. దాన్ని బరంగాయ్ అంటారు. ఒక్కోదానికి ఒక పెద్ద, అతన్ని కపితాన్ అంటారు, అతని కింద కొందరు సభ్యులు. ఆఖరి కుప్ప మా పొయ్యి పక్కదాకా వచ్చింది.

"ఇది మాది. కింద నుంచి ఇక్కడికి రావాలంటే నదిని పదకొండు సార్లు దాటాలి. ఇప్పుడు మోటార్‌సైకిళ్ళు వెళ్తాయి. నా చిన్నప్పుడు కాళ్ళే."

"పదకొండుసార్లు ఒకే నదిని దాటడమెందుకు? ఒకే ఒడ్డున నడిచి పోవచ్చుగా" అన్నారు మావారు హాల్లోంచి. ఆయన ఇంజనీరు.

"కొండ ఒప్పుకోవాలి కదా సర్" అంది ఆతే.

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నాకు కథల్లా అనిపించేవి, కానీ ఆవిడ ప్రభుత్వం గురించి చెబుతోంది. ఆ ఊళ్ళో ఇద్దరు తగువు పడితే తిన్నగా కోర్టుకు పోవడానికి లేదట. ముందు కపితాన్ దగ్గర కూర్చోవాలి. రాజీ కుదరలేదని అక్కడ కాగితం ఇస్తేనే కోర్టు తలుపు తెరుచుకుంటుంది. ఒకసారి ఒకాయన పంది ఇంకొకాయన కర్రపెండలం తవ్వి తినేస్తే, కపితాన్ ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి తన పని తను చూసుకున్నాడట. మధ్యాహ్నానికి వాళ్ళకి ఆకలేసింది. ఆకలేసిన మనుషులు పందుల గురించి కాకుండా అన్నం గురించి మాట్లాడుకున్నారు. ఇళ్ళకి కలిసే వెళ్ళారు. ఆ ఊరి సభలో ఆతే నాన్నగారు సభ్యుడు. జీతం లేదు. తుపాను వస్తుందంటే కొండ కిందున్న ఇళ్ళ తలుపులు తట్టడం ఆయన వంతు.

నేను పుట్టింది గోదావరి మధ్య లంకలో. బడి అవతలి ఒడ్డున ఉండేది. వరద రోజుల్లో ఆడపిల్లని పడవ ఎక్కించనని మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. అందుకేనేమో, నది చెప్పినట్టు నడుచుకునే మనుషుల సంగతులు వింటుంటే నాకు సొంతవాళ్ళ సంగతులు విన్నట్టే ఉండేది.

ఇక అసలు విషయం. ఆతేకి ఒక చెల్లెలు. ఆ పైఊళ్ళోనే ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు, బరంగాయ్ హాల్లో పసిపిల్లల బడి చూసుకుంటుంది. ఆతే భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళ పైమాటే, సిటిజన్‌షిప్ రాగానే చెల్లెల్ని ఇక్కడికి రప్పించుకోవడానికి ఆవిడ పిటిషన్ వేసింది. తోబుట్టువుల వరుస ఎంత నెమ్మదిగా కదులుతుందో ఈ దేశంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేసిన సంగతి మరిచిపోయినంత కాలమైంది. మొన్నమొన్న, చెల్లెలు అరవైకి దగ్గరపడ్డాక, వరుస వచ్చిందని కబురు వచ్చింది.

ఉత్తరం పట్టుకుని ఆతే మా ఇంటికే వచ్చింది. ఆ వేళ ఆవిడ మొహం చూస్తే రిటైరైన మనిషిలా లేదు. మావారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"ఫైన్, అంతా బానే ఉంది. బర్త్ సర్టిఫికెట్ సబ్మిట్ చేయమంటున్నారు. గవర్నమెంట్ ఇష్యూ చేసినదే కావాలట. ఏడాదిలోపు."

"అదే లేదు" అంది ఆతే.

చెల్లెలి పుట్టుక ప్రభుత్వ పుస్తకంలో ఎక్కడా లేదు. కొండమీద పుట్టిన పిల్లలకి అప్పట్లో ఉన్నది ఒక్కటే కాగితం, చర్చిలో బాప్తిస్మం పుస్తకంలోని వరుస. పిటిషన్ వేసినప్పుడు ఆ నకలే పెట్టింది. ఇప్పుడు మునిసిపల్ హాల్లో ఆలస్యపు నమోదు చేయించుకోవాలి. చేయించుకోవచ్చు, దానికి పద్ధతి ఉంది. చిక్కల్లా ఆ బాప్తిస్మం పుస్తకంలో ఉన్న తేదీతోనే.

ఆ పైఊరికి పాదిరీ రెండు మూడేళ్ళకి ఒక్కసారి ఎక్కేవాడట, మే నెలలో, రైతుల్ని కాచే పునీతుడి పండుగకి. ఆలోగా పుట్టిన పిల్లలందర్నీ ఆ రోజు చిన్న గుడిలో వరుసగా నిలబెట్టేవాళ్ళు. చంకలో ఉన్నవాళ్ళు, నడిచి వచ్చినవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు కూడా. పాదిరీ నీళ్ళు పోస్తూ పోతుంటే పక్కన అతని సహాయకుడు పుస్తకం రాసేవాడు. పుట్టినరోజు తెలియని పిల్లలకి పండుగ రోజే పుట్టినరోజు. ఊళ్ళో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. ఏటా అందరికీ ఒకేసారి పాయసం, ఒకేసారి పాట. ఆతే పుట్టే సమయానికి వాళ్ళమ్మ నడిబొడ్డులో బంధువులింట ఉండడంతో, ఆతే పుట్టుక మాత్రం హాల్లో నమోదైంది, జనవరి అని. అలాంటి ఒక పండుగ రోజు, గుడిలో వరుసలో అక్క ముందు, చెల్లెలు వెనక. సహాయకుడు అక్క పేరు, పుట్టిన తేదీ, సంవత్సరం రాశాడు. చెల్లెలి పేరు రాసి, పండుగ తేదీ వేసి, సంవత్సరం దగ్గర పై వరుసకి కింద రెండు చిన్న డిటో గీతలు పెట్టేశాడు.

ఆ రెండు గీతల ప్రకారం అక్క జనవరిలో పుట్టింది, చెల్లెలు అదే ఏడాది మేలో పుట్టింది. ఒక్క తల్లికి నాలుగు నెలల తేడాతో ఇద్దరు.

"కాన్సులేట్‌లో ఎవరు చూసినా ఒకటే అంటారు" అంది ఆతే. "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళు కారు, ఎవరో ఒకరు అబద్ధం అని. ఈసారి వెనక్కి పంపితే మళ్ళీ వరుసలో నిలబడే వయసు మాకు లేదు."

ఆ సాయంత్రం మా వంటింట్లోంచే చెల్లెలికి వీడియో కాల్ చేసింది. వాళ్ళకి అప్పుడు తెల్లవారి ఎనిమిది. ఫోన్లో మొదట కప్పున్న బాస్కెట్‌బాల్ కోర్టు, అందులో ఆరబోసిన ధాన్యం, ఆ తర్వాత ఒక గుండ్రటి నవ్వు మొహం కనిపించాయి. వాళ్ళిద్దరూ తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ కలిపి మాట్లాడుకున్నారు.

"నువ్వు నాకంటే రెండేళ్ళకి పైగా చిన్నదానివి. అది నాకు గుర్తే. కానీ ఏ నెలో గుర్తులేదు" అంది ఆతే.

"ఇన్నాళ్ళూ ఒకే ఏడాది పుట్టామని నీమీద సమానంగా అరిచాను. ఇప్పుడు చిన్నదాన్ని అయిపోతే అరవకూడదేమో" అంది చెల్లెలు.

"అప్పుడు మాత్రం ఆగుతావా?"

చెల్లెలు కిందికి దిగి మునిసిపల్ హాలుకి వెళ్ళి వచ్చిందట. అక్కడ పుట్టుకలూ చావులూ రాసే అధికారి ఒక ఆవిడ. చాలా మర్యాదగా కూర్చోబెట్టి, ఏమేం కావాలో చెప్పింది. ఊరి కపితాన్ ధ్రువపత్రం, ఇందులో తమకే లాభమూ లేని ఇద్దరు పెద్దల ప్రమాణపత్రాలు. చర్చి పుస్తకం తప్పని చెప్పేటప్పుడు, ఆ కాలంలోనే రాసిన మరో కాగితం ఏదైనా. ఇవన్నీ అందాక పదిరోజులు నోటీసు హాలు ముందు బోర్డు మీద అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్ళెవరైనా వచ్చి చెప్పుకోవచ్చు.

"మన కపితాన్ మంచివాడు" అంది చెల్లెలు. "మీకు ఏ తేదీ కావాలో చెప్పండి టీచర్, నేను సంతకం పెడతాను అన్నాడు. చిన్నప్పుడు నా దగ్గరే అక్షరాలు దిద్దాడు మరి."

"పెట్టించేయ్" అంది ఆతే. "అదే పండుగ రోజు, రెండేళ్ళ తర్వాత. అయిపోతుంది."

చెల్లెలు ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. వెనక ఎక్కడో కోడి కూసింది.

"ఆతే, ప్రమాణం చేసి రాయాలి. నా దగ్గర చదువుకున్నవాడి చేత అబద్ధం మీద సంతకం పెట్టించనా?"

ఆతే ఫోన్ బల్లమీద పెట్టేసి చేతుల్లో మొహం దాచుకుంది. కాఫీ కలిపి ఆవిడ ముందు పెట్టాను. చెల్లెలు మా పైకప్పునే చూస్తూ ఉండి ఉంటుంది పాపం, ఫోన్ ఎత్తి నావైపు తిప్పుకున్నాను.

నాకూ పుట్టిన కాగితం లేదు. ఈ దేశం వచ్చేటప్పుడు ఇద్దరు పెద్దల ప్రమాణపత్రాలతోనే వచ్చాను. ఆ ఇద్దరూ మా అరుగుమీద కూర్చుని ఒక పూటంతా వాదించుకున్నారు. తేదీ ఎవరూ చెప్పలేదు. రేవు మూసేసిన రెండో రోజని ఒకరు, కాదు పడవలు మళ్ళీ తిరిగిన రోజని ఒకరు. రేవు ఎప్పుడు మూశారో రేవు కాంట్రాక్టరు దగ్గర రాసి ఉంది. అలా నాకొక తేదీ వచ్చింది. అదే చెప్పాను చెల్లెలికి.

"తేదీ అడక్కండమ్మా. ఆ రోజు ఊళ్ళో ఏం జరుగుతోందో అడగండి. మీ నాన్నగారు ఆ వేళ ఏం పనిలో ఉన్నారో."

"నాన్న ఏం పనిలో ఉంటాడు? సభ పనిలో" అంది చెల్లెలు. అని ఆగిపోయింది. "సభకి పుస్తకం ఉండేది."

బరంగాయ్ అన్న పేరు తర్వాత వచ్చింది, అప్పట్లో వేరే పేరుతో పిలిచేవాళ్ళట. సభ మాత్రం అప్పుడూ ఉంది. జరిగిన ప్రతి సమావేశమూ పుస్తకంలో రాయాలి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. ఎన్నో తుపానులు వచ్చాయి, హాలు పైకప్పు రెండుసార్లు ఎగిరిపోయింది, ఆ పుస్తకాలు ఇంకా ఉంటాయని ఎవరికీ నమ్మకం లేదు. అయినా చెల్లెలు ఇల్లిల్లూ అడిగింది.

పదిహేను రోజులకి మళ్ళీ కాల్ వచ్చింది. ఈసారి ఫోన్లో మొహం లేదు. బిస్కెట్ల రేకుడబ్బా, అందులో ప్లాస్టిక్ సంచులు, అందులో నూనెగుడ్డలో చుట్టిన గీతల పుస్తకాలు. సభకి మొదట్లో కార్యదర్శిగా చేసినాయన కూతురి ఇంట్లో, బియ్యం తొట్టి అడుగున దొరికాయి. తొట్టి ఎందుకంటే వరద వస్తే ఎవరైనా ముందు ఎత్తేది బియ్యమేనట. తండ్రి పోయినా, అడిగేవాళ్ళు లేకపోయినా, ఆవిడ ఏటా ఎండాకాలంలో పుస్తకాలు ఎండలో పెట్టి మళ్ళీ చుట్టేదట. ఎందుకమ్మా అంటే, "ఊరివి కదా" అందట.

చెల్లెలు ఒక పేజీ తెరిచి కెమెరా ముందు పెట్టింది. ఆతే చదివి నాకు చెప్పింది. చదువుతుంటే గొంతు నర్సు గొంతులాగే ఉంది.

ఆగస్టు నెల, సోమవారం. ఈ రోజు సమావేశం జరగలేదు. కోరం లేదు. సభ్యులలో ఒకరి భార్యకు నొప్పులు రాగా, నలుగురు సభ్యులు ఆమెను ఉయ్యాలలో మోసుకుని కిందికి వెళ్ళారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. సమావేశం వచ్చే సోమవారానికి వాయిదా వేయడమైనది.

పైన తేదీ ఉంది. సంవత్సరం ఉంది. రానివాళ్ళ పేర్లలో వాళ్ళ నాన్నగారి పేరు ఉంది. డిటో గీతలు లేవు.

"నీకోసం సభ వాయిదా వేశారే" అంది ఆతే చెల్లెలితో. "నాకోసం ఎవరూ ఒక్క మీటింగ్ ఆపలేదు."

"పెద్దదానివి నువ్వు. మీటింగ్ లేని రోజు చూసుకుని పుట్టావు."

నేను దేవుడి మందిరం దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. ఏమీ అడగలేదు, అడగడానికి ఏమీ మిగల్లేదు. జీతం లేని ఒక కార్యదర్శి, జరగని సమావేశానికి కూడా పుస్తకం తెరిచి, ఎందుకు జరగలేదో నిజం రాసిపెట్టాడు. అంతే కదా చేసింది. సమావేశం లేదు కదా అని పుస్తకం మూసి ఇంటికి పోయి ఉంటే?

మునిసిపల్ హాల్లో ఆ అధికారి పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుందట. కపితాన్ ధ్రువపత్రం ఇచ్చాడు, ఈసారి నిజం మీద. ఇద్దరు పెద్దలు ప్రమాణం చేశారు. నోటీసు బోర్డెక్కింది. చెల్లెలు బోర్డు ఫోటో పంపింది: ఒక పక్క కుక్కలకి టీకాల ప్రకటన, ఇంకో పక్క తప్పిపోయిన గేదె, మధ్యలో తన పుట్టుక.

ఆ పదిరోజులూ ఆతే సాయంత్రాలు మా ఇంట్లోనే. నేను దీపం పెట్టుకునేదాన్ని, ఆవిడ కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుకునేది. మావారు టీవీ సౌండ్ తగ్గించేవారు. ఎనిమిదో రోజు ఫోన్ మోగింది.

"ఒక ముసలాయన వచ్చాడు" అంది చెల్లెలు. "నోటీసు చదివించుకుని, ఇందులో తప్పుందని చెప్పాడట. నన్ను రమ్మన్నారు. హాల్లోనే ఉన్నాను."

ఆతే జపమాల ఒళ్ళో జారిపోయింది. మావారు టీవీ పూర్తిగా ఆపేశారు.

ఆ ముసలాయన నది కింది మలుపులో ఉండే పక్క బరంగాయ్ మనిషి. కాలికి చెప్పుల్లేకుండా మధ్య మధ్య కూర్చుంటూ వచ్చాడు. ఆతే మాకు చెప్పిన ప్రకారం అతను అన్నదిది: పిల్ల పైఊళ్ళో పుట్టిందని రాశారు, అది తప్పు. ఆ రోజు ఉయ్యాల మోసిన నలుగురిలో నేనొకణ్ణి, మా అత్తవారి ఊరు వచ్చేశాను గానీ అప్పుడు నేనూ ఆ సభలోవాణ్ణే. ఆరో దాటు దగ్గర నది పొంగింది. దాటేసరికి ఆవిడ ఆగలేకపోయింది. అవతలి ఒడ్డున, నా చొక్కా మీదే పుట్టింది పిల్ల. అవతలి ఒడ్డు మా బరంగాయ్. కాబట్టి పిల్ల మాది.

ఈ మాట వినగానే, వేరే పనిమీద హాల్లోనే ఉన్న పైఊరి కపితాన్ వచ్చాడు. తల్లిదండ్రులిద్దరిదీ తమ ఊరు, మోసిందీ తమ సభ, దారిలో పుడితే మాత్రం పిల్ల ఎలా వాళ్ళదవుతుంది అన్నాడు. పక్క బరంగాయ్ కపితాన్‌కి ఎవరో మెసేజ్ పెట్టారు, ఆవిడ బజారులో కూరలు కొంటున్నది కొంటున్నట్టే వచ్చింది. టీచరు మా ఊరి బిడ్డ అని రాస్తే మాకూ గౌరవమే అంది. చెల్లెలు ఫోన్ పట్టుకుని ఇదంతా మాకు చూపిస్తూనే ఉంది. ఆతే చెప్పేలోపే, నాకూ మావారికీ భాష రాకపోయినా, అరవై ఏళ్ళ మనిషిని పసిపాపలా ఇద్దరు ఊరిపెద్దలు చెరోవైపు లాగుతున్నారని మాత్రం అర్థమవుతోంది.

"వాట్ ఈజ్ హాపెనింగ్? రిజెక్ట్ చేస్తారా?" అన్నారు మావారు.

తెరమీద ఆ అధికారి లేచి గోడ దగ్గరకి వెళ్ళింది. గోడమీద మునిసిపాలిటీ పటం ఉంది. నదిమీద వేలు పెట్టి ఏదో చెప్పింది. గది అంతా నవ్వింది. ఆతే కూడా నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"ఏమన్నారు ఆతే?"

"ఫారంలో పుట్టిన చోటు అంటే మునిసిపాలిటీ పేరే లెక్క అంది. నది పుట్టిన దగ్గర్నుంచి సముద్రందాకా రెండు ఒడ్లూ మనవే, ఈ పిల్ల ఎటు పుట్టినా మనదే, మీ ఇద్దరూ వెళ్ళి మీ పనులు చూసుకోండి అంది."

ఇద్దరు కపితాన్లూ తమ తమ ధ్రువపత్రాలు ఇచ్చే వెళ్ళారు. ముసలాయన మాట కూడా కాగితం మీద పెట్టి వేలిముద్ర తీసుకున్నారు. అంత సాక్ష్యం ఉన్న పుట్టుకను తాను ఎన్నడూ నమోదు చేయలేదని ఆ అధికారి అన్నదట. చర్చివాళ్ళు పాత వరుస పక్కన దిద్దుబాటు రాసి ఇచ్చారు. ఇక్కడి లాయరు ఆ సభ పుస్తకం పేజీకి అనువాదం జతచేసి, పిటిషన్లో పాత తేదీ ఎందుకుందో వివరంగా ఉత్తరం రాశారు. మనీలాలో ఇంటర్వ్యూ చేసినతను ఆ పేజీ రెండుసార్లు చదివి, మీటింగ్ తర్వాతి సోమవారం జరిగిందా అని అడిగాడట. జరిగింది, అందరూ వచ్చారు అని చెల్లెలు చెప్పింది. వీసా ఇచ్చారు.

మంచు కరిగాక చెల్లెలు వచ్చింది. ఎయిర్‌పోర్టుకి మావారే డ్రైవ్ చేశారు. వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు ఇల్లు చేరేదాకా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

మర్నాడు పొద్దున చెల్లెలు ఇస్త్రీ చేసిన జాకెట్టూ లంగా వేసుకుని తయారై మా గుమ్మంలో నిలబడింది. "ఈ వీధికి కపితాన్ ఎవరు? కొత్తగా వచ్చినవాళ్ళు వెళ్ళి కనపడాలి కదా" అంది.

"మన కపితాన్ హెచ్ఓఏ ప్రెసిడెంటే, ఈ ఇళ్ళ అసోసియేషన్‌కి" అన్నారు మావారు. "వెళ్ళి కనపడక్కర్లేదమ్మా. ట్రాష్ క్యాన్ ఒక్కరోజు ఎక్స్‌ట్రా బయట పెట్టండి, అతనే లెటర్ డ్రాప్ చేస్తాడు."

చెల్లెలు నవ్వలేదు. సమాధానం కోసం నావైపు చూసింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. రోడ్ల మీద మంచు తీసేవాళ్ళకి, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను గానీ, నా వార్డుకి సభ్యుడెవరో నాకు తెలియదు. సిగ్గేసింది. షామ్‌బర్గ్‌లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"వెయిట్ అమ్మా, సెర్చ్ చేస్తున్నా. వార్డ్ మీటింగ్ థర్స్‌డే ఉంది, లైబ్రరీలో. వై, ఏమైంది? యు ఓకే?"

"ఏం కాలేదే. కనపడి రావాలి."

గురువారం సాయంత్రం మేము ముగ్గురం వెళ్ళాం. పదిహేనుమంది ఉంటారు. మా చెరువు దగ్గర బాతుల రెట్ట గురించి గొడవ మొదలవబోతోంది. గుమ్మం దగ్గర బల్లమీద వచ్చినవాళ్ళు పేర్లు రాసే కాగితం ఉంది: పేరు, చిరునామా, ఈమెయిల్. ఆతే రాసింది, నేను రాశాను. చెల్లెలు పెన్ను తీసుకుని పేరు నెమ్మదిగా, పిల్లలకి నేర్పే అక్షరాలతో రాసింది. అక్క ఇంటి నంబరు రాసింది. మూడో గడిలో ఒక ఆగస్టు తేదీ, దాని పక్కన సంవత్సరం రాసింది.

బల్ల వెనక కూర్చున్నావిడ చూసి, "అది ఈమెయిల్‌కి అమ్మా" అంది మెల్లగా.

"నాకు ఈమెయిల్ లేదు" అంది చెల్లెలు. "ఇది ఉంది."

ఆవిడ ఒక్క క్షణం ఆ కాగితం చూసి, కొట్టేయకుండా పక్కకి జరిపి, మాకు కుర్చీలు చూపించింది.